ఐదో తరగతి దాకా ఆటలు నేర్పేదెవరు?

విజయవాడలోనో గుంటూరులోనో ఏదో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి గోడకు అంటించిన టైంటేబుల్ చూడండి. ఆటల పీరియడ్ ఉంటుంది. చాలాచోట్ల అది రోజులో ఆఖరిది. తెలుగు పాఠం మిగిలిపోతే పూర్తిచేసేది ఆ పీరియడ్‌లోనే. లెక్కల్లో వెనకబడిన పిల్లలను కూర్చోబెట్టేదీ అప్పుడే. ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన వివరాలేవైనా ఉంటే టీచర్ ఫోన్ పట్టుకుని కూర్చునేదీ అప్పుడే. ఇవేవీ లేని రోజున పిల్లలను బయటికి వదులుతారు. నలుగురైదుగురు చురుకైన మగపిల్లలు ఉన్న ఒక్క బంతినీ తీసుకుని ఆడుకుంటారు. మిగతావాళ్లు గోడ వారన కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. బెల్లు కొట్టగానే ఇంటికి. కాగితం మీద మాత్రం ఆటల పీరియడ్ జరిగినట్టే.

ఇందులో టీచర్ తప్పు వెతకడం తేలిక, కానీ అది అన్యాయం. ప్రాథమిక బడిలో ఆటలు నేర్పడం ఎవరి పని అన్నది మన వ్యవస్థ ఎక్కడా తేల్చి చెప్పలేదు. గ్రౌండ్ లేదని, కిట్లు లేవని అందరూ అంటారు. అవి నిజమైన లోట్లే. అంతకంటే ముందున్న లోటు నేర్పే మనిషిది. ఆరు నుంచి పదేళ్ల పిల్లలను రోజూ అరగంట పద్ధతిగా ఆడించగల మనిషి ఆ తరగతి గదిలోనే ఉన్నారు. ఆ పని ఎలా చేయాలో క్లాసు టీచర్‌కు ఎవరూ నేర్పలేదు, దానికి సమయం ఇవ్వలేదు, చేస్తే గుర్తించలేదు. డబ్బయినా శ్రద్ధయినా ముందు పెట్టాల్సింది అక్కడ.

స్థలం రాశారు, సామాన్లు రాశారు

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదివితే సమస్య మూలం కనిపిస్తుంది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని అందులో ఉంది. ప్రతి తరగతికీ అవసరాన్ని బట్టి ఆట వస్తువులు, క్రీడా సామగ్రి ఇవ్వాలనీ ఉంది. టీచర్ల విషయానికి వచ్చేసరికి ఒకటి నుంచి ఐదు తరగతులకు పిల్లల సంఖ్య ఒక్కటే కొలమానం. అరవై మంది దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు, 121 నుంచి 200 దాకా ఐదుగురు. వ్యాయామ విద్య అన్న మాట ఆరో తరగతి నుంచే కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. అంటే చట్టం దృష్టిలో కూడా ఐదో తరగతి దాకా ఆటలు క్లాసు టీచర్ బాధ్యతే, కాకపోతే ఆ ముక్క ఎక్కడా రాయలేదు. ఆటస్థలం ఎంత ఉండాలో కూడా షెడ్యూలు చెప్పదు. అందుకే విజయవాడలో రెండు తరగతి గదులంత ఖాళీ కూడా రికార్డుల్లో ఆటస్థలం అయిపోతుంది.

చట్టం వదిలేసిన ఖాళీని తర్వాత వచ్చిన పథకాలు పూడ్చలేదు. స్కూల్ గేమ్స్ పోటీలు ప్రధానంగా అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో నడుస్తాయి. మండల స్థాయి పోటీలంటే హైస్కూలు పిల్లల పోటీలే. 2023 డిసెంబరు 26న గుంటూరు నల్లపాడులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ క్రీడాపోటీల్లో పాల్గొనాలంటే పదిహేనేళ్లు నిండాల్సి ఉండేది. 2024లో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ఒలింపిక్ స్వర్ణానికి ఇచ్చే నగదు బహుమతిని 75 లక్షల నుంచి ఏడు కోట్ల రూపాయలకు పెంచింది. గెలిచినవారికి అంత ఇవ్వడం సబబే, అందులో ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం ఒక ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి వచ్చే క్రీడా నిధి మాత్రం ఐదు వేల రూపాయలు. ఆ ఏడు కోట్లు 14 వేల ప్రాథమిక బడుల ఏడాది నిధికి సమానం. శిఖరం మీద అంత వెలుగు పెట్టి మొదటి మెట్టును చీకట్లో వదిలేశామని ఆ లెక్క చెబుతోంది.

ఇక్కడి నుంచి ఎదిగిన క్రీడాకారులు లేరా అంటే ఉన్నారు, గర్వించదగ్గవాళ్లే. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఐదేళ్లు నిండకముందే కృష్ణా నదిని ఈదింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక చదరంగంలో గ్రాండ్‌మాస్టర్. బ్యాడ్మింటన్‌లో కిదాంబి శ్రీకాంత్‌దీ గుంటూరే. ఇలాంటివాళ్ల వెనక సాధారణంగా కనిపించేది ఇంటివాళ్ల పట్టుదల, ఒక మంచి కోచ్, ఒక అకాడమీ. అలాంటి ఇల్లు లేని పిల్లలకు ఉన్న ఒకే దారి బడి. పటమట అయినా, అజిత్ సింగ్ నగర్ అయినా, గుంటూరు పాతబస్తీ అయినా ఆ దారి మొదలయ్యేది ఒకటో తరగతిలో.

ఆరు నుంచి పదేళ్లు

ఈ వయసులో పిల్లలకు కావాల్సింది క్రికెట్టో వాలీబాలో కాదు. పరుగెత్తడం, ఆగడం, మలుపు తిరగడం, ఎగిరి రెండు కాళ్ల మీద దిగడం, ఒంటికాలిపై నిలబడటం, విసరడం, పట్టుకోవడం, తన్నడం. ఏ ఆటకైనా ఇవే అక్షరాలు. వయసు పెరిగేకొద్దీ వాటంతట అవే వస్తాయనుకుంటాం. కొన్ని వస్తాయి. విసరడం, పట్టుకోవడం లాంటివి ఎవరో ఒకరు చూపించి, పదేపదే చేయిస్తేనే కుదురుతాయి. అక్షరాలు దిద్దించకుండా వ్యాసం రాయమంటే ఎలా ఉంటుందో, ఇవి నేర్పకుండా ఆరో తరగతిలో పిల్లలను కబడ్డీ జట్టులోకి రమ్మంటే అలాగే ఉంటుంది. అప్పటికే సగం మంది ‘నాకు ఆటలు రావు’ అని తమకు తామే తీర్మానించుకుని ఉంటారు.

విసరడం ఒక్కటే దగ్గర నుంచి చూద్దాం. రెండో తరగతి పిల్లకు బంతి ఇచ్చి దూరంగా విసరమంటే, కుడిచేతి వాటం పిల్ల తరచూ కుడికాలే ముందుకు వేస్తుంది. ఒళ్లు తిరగదు, మోచెయ్యి కిందికి జారుతుంది, బంతి నాలుగడుగుల్లో నేల తాకుతుంది. నేల మీద సుద్దతో ఒక పాదం గుర్తు గీసి, “ఎడమకాలు దీని మీద పెట్టు, పక్కకి తిరిగి నిలబడు, ఇప్పుడు విసురు” అంటే చాలు, బంతి పోయే తీరే మారిపోతుంది. ఆ పిల్ల ముఖం కూడా మారుతుంది. ఇది చెప్పడానికి వ్యాయామ విద్యలో డిగ్రీ అక్కర్లేదు. ఏం చూడాలో తెలిసిన కన్ను కావాలి. అది శిక్షణతో వచ్చేదే.

సమయం లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. ముప్పై మంది పిల్లలు, ఒక బంతి, ముప్పై నిమిషాలు. అందరినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ బంతి ఇస్తే ప్రతి పిల్లకూ దక్కేది ఒక్క నిమిషం, నిలబడి చూసేది ఇరవై తొమ్మిది నిమిషాలు. అదే ఇద్దరికో బంతి చొప్పున పదిహేను బంతులుంటే ఎవరూ ఖాళీగా నిలబడరు. మంచి ఆటల పీరియడ్‌కీ చెడ్డ ఆటల పీరియడ్‌కీ తేడా చాలావరకు ఇంతే. అవుటైన పిల్ల ఆట అయిపోయేదాకా బయట కూర్చోవాల్సిన ఆటలు ఎంత సరదాగా ఉన్నా ఈ వయసుకు మంచివి కావు. ఎందుకంటే ముందుగా అవుటయ్యేది ఎప్పుడూ ఆట ఎక్కువ అవసరమైన పిల్లలే.

మార్కుల మీద దిగులున్న తల్లిదండ్రులకు

విజయవాడ, గుంటూరు అంటే చదువుల ఊళ్లు. మూడో తరగతికే ఫౌండేషన్ కోర్సుల మాట వినిపించే చోట ఆటల పీరియడ్ గురించి మాట్లాడితే “చదువు పాడవుతుందేమో” అన్న టెన్షన్ సహజం. దాన్ని తీసిపారేయకుండా జవాబు చెప్పాలి.

ప్రాథమిక తరగతులకు చట్టం నిర్దేశించినవి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. రోజుకు అరగంట ఆటలకు ఇస్తే ఏడాదికి వంద గంటలు, అంటే మొత్తంలో ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతులూ పాఠాలకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున అరవై నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత శారీరక శ్రమ కావాలి. అందులో సగమే బడిని అడుగుతున్నాం. పొద్దున ఆటోలో, వ్యాన్‌లో వచ్చి, సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లి, రాత్రి ఫోన్ ముందు కూర్చునే పిల్లలకు మిగతా సగం ఇంటి దగ్గర దొరకడం కష్టమే. అందుకే బడిలో దొరికే సగం పోకూడదు.

తల్లిదండ్రులకు ఇంకా సూటిగా తాకేది కళ్ల సంగతి. చైనాలోని గ్వాంగ్‌జౌలో పన్నెండు పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లలపై ఒక అధ్యయనం చేశారు. సగం బడుల్లో రోజూ అదనంగా నలభై నిమిషాలు ఆరుబయట గడిపేలా చేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే, అలా బయట గడిపిన పిల్లల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంలోనివి మసకగా కనిపించడం) వచ్చింది, మిగతా బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. 2015లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తైవాన్ 2010 నుంచే బడిపిల్లలు రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉండాలని కార్యక్రమం పెట్టుకుని, ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన చూపు సమస్యను వెనక్కి తిప్పగలిగింది. తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి పిల్లలను తీసుకెళ్లి ఏటా కళ్లజోడు నంబరు పెరుగుతోందని బాధపడే అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియాలి. బోర్డు మీది అక్షరం కనపడని పిల్లకు ఏ ఫౌండేషన్ కోర్సూ అక్కరకు రాదు.

రక్తహీనతను కూడా మరచిపోకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. వాళ్లే ఒకటో తరగతికి వస్తారు. అలాంటి పిల్లలు తొందరగా అలసిపోతే ‘బద్ధకం’ అని తిట్టి పంపేయడం తప్పు. వారానికోసారి ఇవ్వాల్సిన గులాబీ రంగు ఐరన్ మాత్ర అందుతోందా, పొద్దున ఏమన్నా తిని వచ్చిందా అని అడగడం ఆటల పీరియడ్‌లో భాగమే. ఆడించే టీచర్‌కే ఆ పిల్ల ఆయాసం ముందుగా కనిపిస్తుంది.

స్థలం లేని ఊళ్లో

గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం, విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం ఉన్నాయి. ఆరేళ్ల పిల్లలను రోజూ అక్కడికి తీసుకెళ్లడం జరిగే పని కాదు. వన్‌టౌన్ సందుల్లో, కృష్ణలంకలో, గుణదల కొండవాలులో ఉన్న బడులకు ఇప్పుడు కొత్తగా ఎకరం గ్రౌండ్ దొరకదు. దొరికేదాకా ఆగుదామంటే పిల్లల బాల్యం ఆగదు.

నయం ఏమిటంటే ఈ వయసుకు కావాల్సిన స్థలం తక్కువ. మన పెద్దవాళ్లు వీధి అరుగుల మధ్య, బావి చప్టాల దగ్గర ఆడిన ఆటలు ఇరుకు చోట్ల కోసమే పుట్టినట్టుంటాయి. తొక్కుడు బిళ్ల, నాలుగు స్తంభాలాట, నేలా బండా, కుంటుడు ఆట, ఏడు పెంకులు. వీటిని ‘మన సంస్కృతి’ పేరుతో ఏడాదికోసారి సంక్రాంతి ముందు ఆడించి ఫొటో తీయడం కంటే, వీటిలో ఏది ఏ నైపుణ్యం ఇస్తుందో చూసి వారం వారం ఆడించడం మేలు.

దీనికి కేంద్రం వాళ్ల పరీక్షే సాక్ష్యం. ఖేలో ఇండియా కింద బడిపిల్లలకు పెట్టే ఫిట్‌నెస్ పరీక్షల్లో ఐదు నుంచి ఎనిమిదేళ్లవారికి మూడు అంశాలుంటాయి: ఎత్తు, బరువుల నిష్పత్తి, చేతి వేగాన్ని కొలిచే ప్లేట్ ట్యాపింగ్, ఒంటికాలిపై నిలబడే ఫ్లెమింగో బ్యాలెన్స్. ఈ మూడోదానికి యాభై సెంటీమీటర్ల పొడవు, ఐదు సెంటీమీటర్ల ఎత్తు, మూడు సెంటీమీటర్ల వెడల్పున్న చెక్క మీద ఒక కాలితో నిలబడాలి. రెండో కాలు మడిచి చేత్తో పట్టుకోవాలి. నిమిషంలో ఎన్నిసార్లు పడిపోయారో లెక్కిస్తారు. తొక్కుడు బిళ్ల ఆడే పిల్ల చేసేది ఇంచుమించు ఇదే, పైగా ఒంటికాలి మీద గెంతుతూ, గీత తొక్కకుండా, వంగి బిళ్ల తీసుకుంటూ చేస్తుంది. దానికి కావాల్సింది సుద్దముక్క, ఒక పెంకు. పరీక్ష పెట్టి మార్కు అప్‌లోడ్ చేయడానికి ఏర్పాట్లున్నాయి, ఆ పరీక్షకు పిల్లలను సిద్ధం చేసే ఆటకు మాత్రం టైంటేబుల్‌లో చోటు లేదు.

వేళ కూడా మార్చాలి. మన కృష్ణా తీరపు ఎండ, ఉక్కపోత తెలియనివి కావు. మధ్యాహ్నం మూడు దాటాక సిమెంటు చప్టా కాలుతూనే ఉంటుంది. ఆటలు ఆఖరి పీరియడ్‌లో ఉంటే సగం ఏడాది ఎండ పేరుతోనే పోతుంది. మొదటి పీరియడ్‌కు మారిస్తే ప్రార్థన అవగానే పిల్లలు బయటే ఉంటారు కాబట్టి బారులు తీర్చి తీసుకెళ్లే సమయమూ మిగులుతుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాక ఉదయం ఏడూ ముప్పావుకు ఆటలు పెట్టుకోవచ్చు, పన్నెండింటికి పెట్టలేం. వానాకాలంలో వరండా, లేదా బెంచీలు పక్కకు జరిపిన తరగతి గది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. పల్లంలో ఉన్న బడి ఆవరణను రెండు జానలు మెరక చేసి, నీళ్లు పోయే దారి వేయడం ఏ క్రీడా పరికరం కంటే ఎక్కువ ఆట రోజులు ఇస్తుంది.

ఇంగ్లండ్ అనుభవం

ప్రాథమిక బడుల ఆటల మీద నేరుగా డబ్బు పెట్టిన దేశం ఇంగ్లండ్. 2012 లండన్ ఒలింపిక్స్ తర్వాత, 2013లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల వ్యాయామ విద్య, క్రీడల కోసం ప్రత్యేక నిధి మొదలుపెట్టింది. 2017లో దాన్ని రెట్టింపు చేసి ఏటా 32 కోట్ల పౌండ్లకు పెంచింది. తియ్యటి శీతల పానీయాలపై వేసిన పన్ను ఆదాయాన్ని ఇందుకు చూపించారు, పిల్లల ఒళ్లు పాడుచేసేదాని నుంచే పిల్లల ఒళ్లు బాగుచేయడానికి. ఆ లెక్కన పదిహేడు మంది లేదా అంతకు మించి పిల్లలున్న బడికి ఏడాదికి 16 వేల పౌండ్లు, ఆపైన పిల్లకు పది పౌండ్ల చొప్పున అందేలా చేశారు.

మన ఐదు వేల రూపాయలతో దాన్ని పోల్చి నిట్టూర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. నేర్చుకోవాల్సింది ఆ డబ్బు ఎలా ఖర్చయిందో, ఏ షరతులు పెట్టారో. నిధి రాగానే చాలా బడులు బయటి కోచ్‌లను పిలిచాయి. కోచ్ పిల్లలను ఆడిస్తాడు, ఆ గంటలో క్లాసు టీచర్ స్టాఫ్ రూమ్‌లో నోటుబుక్కులు దిద్దుకుంటారు. కోచ్ మానేసిన రోజున బడిలో మిగిలేది ఏమీ ఉండదు. అందుకే టీచర్ల ఖాళీ పీరియడ్ కోసం కోచ్‌లను పెట్టుకోవడానికి ఆ నిధి వాడకూడదని నిబంధన పెట్టారు. నిధి ప్రధాన లక్ష్యాల్లో ఒకటిగా టీచర్ల నైపుణ్యం, ఆత్మవిశ్వాసం పెంచడాన్ని చేర్చారు. ప్రతి బడీ ఎంత ఖర్చు పెట్టిందో, దాని వల్ల ఏం మారిందో తన వెబ్‌సైట్‌లో పెట్టాలన్నారు. అంత డబ్బున్న దేశం కూడా చివరికి క్లాసు టీచర్ దగ్గరికే వచ్చి ఆగింది. డబ్బు లేని మనం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

స్కాట్లండ్‌లో అయితే డబ్బే అక్కర్లేని ఉదాహరణ ఉంది. స్టిర్లింగ్‌లోని ఒక ప్రాథమిక బడిలో 2012లో ప్రధానోపాధ్యాయురాలు ఎలేన్ వైలీ పిల్లలందరినీ రోజూ పదిహేను నిమిషాలు బడి చుట్టూ పరుగో నడకో చేయించడం మొదలుపెట్టారు. యూనిఫాం మార్చుకునే పని లేదు, పోటీ లేదు, సామాన్లు లేవు. ఇవాళ ‘డైలీ మైల్’ పేరుతో అది చాలా దేశాల్లో నడుస్తోంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలి

2022లో జీవో 117 కింద చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లకు పంపారు. దూరం పెరిగిందని, చిన్నపిల్లలకు ఇబ్బందని తల్లిదండ్రులు గొడవపెట్టారు, అది న్యాయమైన గొడవే. ఆ ఏర్పాటులో ఆ పిల్లలకు హైస్కూలు గ్రౌండ్ అయినా కంటికి కనిపించేది. 2025లో ఆ జీవో రద్దయి, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. పిల్లలు మళ్లీ ప్రాథమిక బడికి చేరారు, వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) హైస్కూల్లోనే ఉండిపోయారు. 2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 పోస్టుల్లో పీఈటీలవి 132, ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీలవి 6,371. ప్రతి ప్రాథమిక బడికీ ఒక పీఈటీ అన్న డిమాండ్ సరైనదే అయినా, ఆ అంకెలు చూస్తే అది తొందర్లో తీరేది కాదని ఎవరికైనా అర్థమవుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ వేల మంది ఎస్జీటీలే ఇవాళ మనకున్న బలం.

వాళ్లకు శిక్షణ ఇచ్చే చోట్లు ఇక్కడే ఉన్నాయి. గుంటూరు వైపు బోయపాలెంలో, కృష్ణా వైపు అంగలూరులో టీచర్ల శిక్షణ సంస్థలు (డైట్‌లు) ఉన్నాయి. ఈ రెండు ఊళ్ల మధ్యలోనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య కళాశాల ఉంది. అక్కడ చదివే బీపీఈడీ విద్యార్థులకు టీచింగ్ ప్రాక్టీసు ఎక్కువగా హైస్కూళ్లలో ఇస్తారు. అందులో కొన్ని వారాలు ప్రాథమిక బడులకు కేటాయిస్తే ఇద్దరికీ లాభం. వాళ్లకు చిన్నపిల్లలను ఆడించడం వస్తుంది, క్లాసు టీచర్‌కు పక్కన నిలబడి నేర్చుకునే వీలుంటుంది. ఇక్కడ ‘పక్కన నిలబడి’ అన్నదే షరతు. ఆ సమయంలో టీచర్ క్లాసు వదిలి వెళ్లిపోతే ఇంగ్లండ్ చేసిన తప్పే మనమూ చేసినట్టు.

దగ్గరి బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతాయి. సబ్జెక్టుల చర్చల మధ్య ఒక గంట బయటికి వచ్చి, ఆ కాంప్లెక్స్ హైస్కూలు పీఈటీ నలభై మంది టీచర్ల చేత స్వయంగా ఆడిస్తే ఒక ఏడాదిలో మంచి ఆటల సంపుటి చేతికొస్తుంది. చీర కట్టుకున్న టీచరమ్మలు పరుగెత్తాలా అని సంకోచించేవారు ఉంటారు. చిన్నపిల్లలకు నేర్పడానికి టీచర్ పరుగెత్తనక్కర్లేదు. ఒక పిల్ల చేత చేసి చూపించి, మిగతావాళ్ల కాళ్లూ చేతులూ గమనించి సరిచేస్తే చాలు. ఈ ఒక్క మాట శిక్షణ మొదట్లోనే చెబితే సగం బెరుకు పోతుంది.

ఐదు వేలతో ఏం కొనాలన్నది కూడా ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించాలి. ఒక క్రికెట్ బ్యాటు, ఒక వాలీబాల్, ఒక నెట్, రెండు క్యారమ్ బోర్డులు కొని బీరువాలో పెట్టి తాళం వేయడం అలవాటైన పద్ధతి. వాటితో ఒకేసారి ఆడగలిగేది నలుగురైదుగురు. ఆ డబ్బుకే ముప్పై మెత్తటి రబ్బరు బంతులు, పది స్కిప్పింగ్ తాళ్లు, ప్లాస్టిక్ రింగులు, గుర్తులు పెట్టే కోన్‌లు, ఒక సంచి సున్నం విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లో తీసుకోవచ్చు. విసిరి పట్టుకునే సంచులు పాత యూనిఫాం గుడ్డలో చింతగింజలు పోసి కుట్టించుకోవచ్చు. చిన్నపిల్లలు పట్టుకోవడం నేర్చుకునేది బంతి కంటే వీటితోనే తొందరగా, ఎందుకంటే ఇవి చేతిలోంచి ఎగిరిపోవు. ఏడాది చివర సగం బంతులు పోయాయంటే ఆ బడిలో ఆటలు జరిగాయని అర్థం. పోయిన బంతికి హెచ్‌ఎంను జవాబు అడిగే ఆడిట్ ఉన్నంతకాలం బీరువా తాళం తెరుచుకోదు.

కాలువల ఊరిలో ఈత

విజయవాడ నడిబొడ్డున ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పారుతాయి. పక్కనే కృష్ణ. ప్రతి వేసవిలో ఈతకు దిగి మునిగిపోయిన పిల్లల వార్త చదవకుండా ఏడాది గడవదు. ఇంగ్లండ్ పాఠ్యప్రణాళికలో ప్రాథమిక దశ ముగిసేసరికి పిల్లలందరూ కనీసం 25 మీటర్లు ఈదగలగాలని, నీళ్లలో ప్రమాదం వస్తే తమను తాము కాపాడుకోవడం తెలిసుండాలని రాసి ఉంది. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. మన దగ్గర ఇది ఆట కంటే ముందు ప్రాణం సంగతి. విజయవాడ నగరపాలక సంస్థకు సర్ విజ్జీ ఈతకొలను ఉంది. ఐదో తరగతి చదివే మున్సిపల్ బడి పిల్లలకు ఏడాదిలో పదిరోజులు అక్కడ కేటాయించడం, వెళ్లలేని బడుల్లో కనీసం నీటి జాగ్రత్తలు ఆటల పీరియడ్‌లోనే చెప్పడం నగరపాలక సంస్థ చేతిలో ఉన్న పనులు. మునిగేవాడి కోసం నీళ్లలోకి దూకకూడదని, గట్టు మీద పడుకుని చీరో, వెదురుగడో అందించాలని, ముందు పెద్దవాళ్లను కేకేయాలని తొమ్మిదేళ్ల పిల్లకు తెలిసి ఉంటే ఒకరి వెనక ఒకరు దిగి ఇద్దరు ముగ్గురు పోయే ఘోరాలు తగ్గుతాయి.

ఎవరు మిగిలిపోతున్నారు

గ్రౌండ్ అందరిదీ అయినా మధ్యలో ఆడేది మగపిల్లలు, అంచుల్లో ఉండేది ఆడపిల్లలు. నాలుగో తరగతికి వచ్చేసరికి ఈ గీత గట్టిపడుతుంది. ఆటల రోజున ఆడపిల్లలు కూడా ట్రాక్ ప్యాంటో, గౌను కింద లెగ్గింగో వేసుకుని రావచ్చని హెచ్‌ఎం ఒక్కమాట అంటే చాలామందికి దారి తెరుచుకుంటుంది. టీచర్ జోడీలు కట్టేటప్పుడు పిల్లలకే వదిలేయకుండా తానే కలపడం రెండో పని. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను స్కోరు రాయమని, చప్పట్లు కొట్టమని కూర్చోబెట్టడం దయలా కనిపిస్తుంది, నిజానికి అది వెలి. చూపు తక్కువున్న పిల్లకు గజ్జెలు కుట్టిన బంతి, కాలు బలహీనంగా ఉన్నవాడికి దగ్గరి గీత. భవిత కేంద్రాల్లో పనిచేసే సహిత విద్య టీచర్లకు ఇలాంటివి తెలుసు. వాళ్లను ఆటల పీరియడ్‌కు పిలిచేవారే లేరు.

ప్రైవేటు బడుల మాట విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రెండు ఊళ్లలో పెద్ద సంఖ్యలో పిల్లలు అక్కడే చదువుతున్నారు. అపార్ట్‌మెంటు లాంటి నాలుగంతస్తుల భవనంలో, కింద వ్యాన్లు ఆగే స్థలమే ఆవరణగా నడిచే బడులు తక్కువేమీ కాదు. కరాటే, స్కేటింగ్ అంటూ వేరే ఫీజు కట్టించుకుని, కట్టినవారికే నేర్పడం వ్యాయామ విద్య కాదు. అడ్మిషన్ల వేళ తల్లిదండ్రులు ఏసీ, డిజిటల్ బోర్డు చూస్తున్నారు. “మా బాబు రోజుకు ఎంతసేపు బయట ఆడతాడు, ఎక్కడ ఆడతాడు, ఎవరు ఆడిస్తారు” అని అడిగేవారు పెరిగితే ఈ బడులు ప్రభుత్వ ఉత్తర్వుల కంటే వేగంగా మారతాయి.

ప్రభుత్వ బడుల్లో ఆ ప్రశ్న అడగడానికి వేదిక ఇప్పటికే ఉంది. 2024 డిసెంబరు నుంచి జరుగుతున్న మెగా పేరెంట్ టీచర్ మీటింగుల్లో పిల్లల ప్రోగ్రెస్ కార్డు ఇస్తున్నారు, అమ్మానాన్నలకు తాడు లాగే పోటీలూ పెడుతున్నారు. ఆ కార్డులో మార్కుల పక్కనే రెండు మూడు వాక్యాలు చేరిస్తే బాగుంటుంది: జూన్‌లో ఈ పిల్ల ఒంటికాలిపై ఎంతసేపు నిలబడింది, ఫిబ్రవరిలో ఎంతసేపు, బంతి పట్టుకోవడం వచ్చిందా, ఏ ఆట ఇష్టం. ర్యాంకులు, పక్కపిల్లతో పోలికలు వద్దు. మండల విద్యాధికారి (ఎంఈవో) బడికి వచ్చినప్పుడు రిజిస్టరు చూసే అలవాటుకు తోడు, ఆటల పీరియడ్‌లో ఒక పది నిమిషాలు నిలబడి ఎంతమంది పిల్లలు కదులుతున్నారు, ఎంతమంది నిలబడి ఉన్నారు అని లెక్కపెట్టి విజిట్ పుస్తకంలో రాయాలి. ముప్పై మందిలో పాతిక మంది కదులుతుంటే ఆ టీచర్ పేరు కాంప్లెక్స్ సమావేశంలో చెప్పి, మిగతావాళ్లను ఆ బడికి పంపి చూపించాలి. ఐదుగురే కదులుతుంటే ఆ బడికి వచ్చే వారం పీఈటీని పంపాలి.